వేళ్ళకు తెలిసి నోటికి రాని మాటలు

జనవరి 11

తిరుపతిలో యూనివర్సిటీకి దగ్గర్లో నాదొక చిన్న డీటీపీ షాపు. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, స్పైరల్ బైండింగ్, పెళ్ళికార్డులు, విజిటింగ్ కార్డులు. ఎస్వీ యూనివర్సిటీ 1954లో పెట్టారు. దాని చుట్టూ థీసిస్‌లు టైపు చేసి బతికే నాలాంటివాళ్ళు ఎప్పుడు పుట్టుకొచ్చారో ఎవరూ రాసిపెట్టలేదు. నేను ఇందులోకి దిగి మాత్రం ఇరవై రెండేళ్ళయింది. ఇంటరు దాకా తెలుగు మీడియం. ఆ తర్వాత బీకాం కట్టి రెండు సబ్జెక్టులు మిగుల్చుకున్నాను. అవి ఇంకా అట్లాగే ఉన్నాయి.

ఇంగ్లీషు సాహిత్యం మీద వచ్చే థీసిస్‌లంటే నాకు ఇష్టం. పట్టికలుండవు, లెక్కలుండవు, కొట్టుకుంటూ పోవడమే. చేతిరాత కోడి కెలికినట్టున్నా 'జక్స్‌టపొజిషన్' అన్న మాట వస్తే తల తిప్పకుండా కొట్టేస్తాను. 'వెరిసిమిలిట్యూడ్'లో నాలుగు 'ఐ'లున్నాయని నా వేళ్ళకు తెలుసు. అర్థమేంటో నాకు తెలీదు.

నిన్న ఒక పరిశోధక విద్యార్థిని ప్రూఫులు తీసుకుంటూ అడిగింది. "నాలుగో చాప్టర్ మీరే కదన్నా టైపు చేసింది, ఎట్లుంది?"

"స్పెల్లింగులన్నీ కరెక్టే పాపా" అన్నాను.

నవ్వి వెళ్ళిపోయింది. ఆ నవ్వులో ఎగతాళేమీ లేదు. కానీ రాత్రి షట్టర్ దించేటప్పుడు లెక్క వేసుకుంటే, ఇంగ్లీషు సాహిత్యానివే అరవై థీసిస్‌లు తక్కువ కాకుండా నా చేతుల మీదుగా పోయాయి. అరవై పెళ్ళిళ్ళకు వండి ఒక్క పంక్తిలోనూ కూర్చోని వంటవాడిలా ఉంది నా సంగతి.

అందుకే ఈ డైరీ. అనుకున్నది ఇదీ: ఆరు నెలల్లో ఒక ఇంగ్లీషు నవల చదవాలి. చదివి, దాని గురించి నలుగురి ముందు పది నిమిషాలు మాట్లాడాలి. 'గుడ్', 'బ్యాడ్', 'వెరీ నైస్' అనకుండా.

జనవరి 15

పండగ. ఏమీ చదవలేదు.

జనవరి 25

మా చెల్లెలి కూతురు ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది. దాన్ని అడిగితే 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చదవమంది. జేన్ ఆస్టెన్ అనే ఆమె రాసిన నవల, 1813లో వచ్చింది. 61 చాప్టర్లు, చాలామటుకు చిన్నవే. "దాంట్లో చంపుకోవడాలుండవు మామా, మాటలే ఉంటాయి. నీకు కావాల్సింది మాటలే కదా" అంది. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నేనే ప్రింట్ కొట్టుకున్నాను. పద్నాలుగు పాయింట్ అక్షరాలు, పక్కన రెండించుల మార్జిన్, స్పైరల్ బైండింగ్. సొంత పుస్తకానికి బైండింగ్ చేసుకోవడం ఇదే మొదటిసారి.

ముందు నేనెక్కడున్నానో తెలియాలి. పేజీకి దాదాపు మూడొందల మాటలు పడేట్టు సెట్ చేసి, మొదటి పది పేజీల్లో తెలియని ప్రతి మాట కిందా పెన్సిల్‌తో గీత పెట్టాను. సగటున పేజీకి పద్దెనిమిది గీతలు.

ఎవరి సాయమూ లేకుండా ఒక పుస్తకం చదువుకోవాలంటే అందులోని మాటల్లో నూటికి 98 తెలిసి ఉండాలని ఈ విషయం మీద పనిచేసినవాళ్ళు వాడే లెక్క. ఇంగ్లీషు నవలలకూ పేపర్లకూ ఆ 98 రావాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని న్యూజిలాండ్ ప్రొఫెసర్ పాల్ నేషన్ 2006లో తేల్చాడు. పద కుటుంబమంటే 'హ్యాపీ', 'హ్యాపిలీ', 'హ్యాపినెస్', 'అన్‌హ్యాపీ' అన్నీ ఒకే రేషన్ కార్డులో ఉన్నట్టు. 98 అంటే పరీక్షల్లో డిస్టింక్షన్. నా పేజీ మీద పెట్టి చూస్తే ఆరు గీతలు, అంతే. పద్దెనిమిదిని ఆరు చేయాలి.

ఫిబ్రవరి 8

థీసిస్‌లలో తరచూ తగిలే మాటలు ఆరువందలు ఎక్సెల్‌లోకి ఎక్కించాను. ఎడమ గడిలో ఇంగ్లీషు, కుడి గడిలో తెలుగు అర్థం. రోజుకు ముప్ఫై. పొద్దున షాపు తెరవకముందు పదిహేను, రాత్రి పదిహేను. చదువుతుంటే మహా తృప్తిగా ఉంది. ఇరవై రోజుల్లో అయిపోతుంది. ఈ పని ఇంత తేలికని తెలిస్తే బీకాం అప్పుడే మొదలుపెట్టేవాణ్ణి.

మార్చి 1

అయిపోయింది. మాటలు కాదు, నా పని.

ఇంగ్లీషు చెప్పి రిటైరైన సారొకాయన సాయంత్రం నడకకు వెళ్ళొస్తూ మా షాపు ముందు కుర్చీలో ఓ అరగంట కూర్చుంటారు. ఇవాళ ఆయన ముందు కొత్త మాట ఒకటి వదిలాను. ఆ నవల రాసినామె వాక్యాల్లో అనవసరమైన కొవ్వుండదు, అది చెప్పాలి. 'లీన్ స్టైల్' అంటే సరిపోయేది. కానీ 'లీన్' మరీ చిన్న మాటలా అనిపించింది. వర్డ్‌లో షిఫ్ట్, ఎఫ్ సెవెన్ కలిపి నొక్కితే పర్యాయపదాలొస్తాయి కదా, అందులో అన్నిటికంటే పొడుగ్గా ఉన్నదాన్ని పట్టుకున్నాను. "ఆమెది ఎమాషియేటెడ్ స్టైల్ సార్."

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏమయ్యా, అయితే ఆమె స్టైలుకు గ్లూకోజు ఎక్కించాలా?"

'లీన్' అంటే కండ ఉండి కొవ్వు లేనిదట. 'ఎమాషియేటెడ్' అంటే తిండి లేకో జబ్బు పడో ఎముకలు బయటపడింది. రెండిటికీ నా ఎక్సెల్‌లో ఉన్న తెలుగు ఒకటే, 'బక్కపలచని'. పెళ్ళిచూపులకు పోయొచ్చి "పిల్ల నాజూగ్గా ఉంది" అంటే సంబంధం కుదురుతుంది. "పిల్ల పుల్లలా ఉంది" అంటే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనివ్వరు. తెలుగులో ఇది నాకు ఎవరూ నేర్పకుండానే తెలుసు. ఇంగ్లీషుకొచ్చేసరికి రెండిటినీ ఒకే గడిలో పడేశాను.

పర్యాయపదాల పుస్తకం ఎవరికోసమో సారు చెప్పారు. రోజే అనే డాక్టరు ఇంగ్లీషులో థెసారస్ అచ్చువేసింది 1852లో. మాటలు తెలిసినవాడు, నోటి దాకా వచ్చి రాని మాటను వెతుక్కోవడానికి చేసిన పుస్తకం అది. తెలియనివాడు అందులోంచి ఏరుకుంటే నాకు జరిగిందే జరుగుతుంది. ఆ పుస్తకం ముందుమాట కింద ఒక నోటులో ఆయన మన అమరకోశాన్ని కూడా తలుచుకున్నాడట. బ్రౌన్ దొర తెలుగు, ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయిందీ 1852లోనే. ఒకే ఏడాది రెండు పుస్తకాలు. బ్రౌన్‌ది నాలాంటివాడి కోసం, రోజేది సారులాంటివారి కోసం. నేను తప్పు కౌంటర్ దగ్గర క్యూలో నిలబడ్డాను.

రాత్రి మేనకోడలు పరీక్ష పెట్టింది. యాభై మాటలు అడిగితే ముప్ఫై ఒకటికి తెలుగు అర్థం చెప్పాను. "ఇప్పుడు ఒక్కోదాన్నీ పెట్టి ఒక సెంటెన్స్ చెప్పు మామా" అంది. నాలుగు కుదిరాయి. ఎక్సెల్ ఫైలును 'పాతవి' అనే ఫోల్డర్‌లోకి తోశాను.

మార్చి 8

కొత్త పద్ధతి. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చిన డబ్బాల పద్ధతి. ఇప్పుడు ఫోన్లలో దొరికే యాప్‌లకు తాత లాంటిది. యాప్ వేసుకోవచ్చు కానీ, రోజంతా స్క్రీన్ చూసేవాణ్ణి మళ్ళీ స్క్రీనా? పైగా పెళ్ళికార్డులు కట్ చేశాక మిగిలే అట్టముక్కలు షాపులో బస్తా నిండా ఉన్నాయి, విజిటింగ్ కార్డుల ఖాళీ డబ్బాలూ ఉన్నాయి. పైసా ఖర్చు లేదు.

డబ్బాలు ఐదు. కొత్త మాట మొదటి డబ్బాలో పడుతుంది, దాన్ని రోజూ చూడాలి. వచ్చిందా, రెండో డబ్బాకు ప్రమోషన్, మూడు రోజులకోసారి. అక్కడా వస్తే మూడోది, వారానికోసారి. తర్వాత పదిహేను రోజులు, ఆ తర్వాత నెల. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటి డబ్బాకే. ఐదో డబ్బా దాకా పోయి జారినా సరే, వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు కిందికే. మర్చిపోబోయే ముందు గుర్తుచేయడం ఇందులో కిటుకు.

కార్డు మీద ఏం రాయాలన్నది మాత్రం నా సొంత తెలివి. తెలుగు అర్థం రాయను. ముందువైపు నవలలోని వాక్యం, ఆ మాట ఉన్నచోట ఖాళీ. వెనకవైపు ఆ మాట, దాన్ని పలికే తీరు తెలుగు అక్షరాల్లో, దాని కింద ఒకే ప్రశ్నకు జవాబు: ఎవరు, ఎవర్ని, ఏ మొహం పెట్టుకొని ఈ మాట అంటారు?

రోజుకు నాలుగు కొత్త కార్డులు, అంతకు మించి వద్దు. ప్రతి గీతకూ కార్డు రాయక్కర్లేదని కూడా తేలింది. 'ఫేటన్', 'బరూష్' అని ఏవో వస్తాయి. గుర్రపుబండ్లలో రకాలు. బండి అనుకొని ముందుకు పోవాలి, అంతే. మనుషుల స్వభావం చెప్పేవి, గొంతు చెప్పేవి, తప్పొప్పులు తూచేవి, ఈ మూడు రకాల మాటలకే కార్డులు.

మార్చి 22

'పాయ్‌నంట్'. థీసిస్‌లలో నేను వెయ్యిసార్లు కొట్టిన మాట ఇది. 'జి' అక్షరం ఉంటుంది, పలకరు. నిఘంటువులో చూస్తే 'హృదయవిదారకం' అని ఉంది. సరే అనుకొని ఒక థీసిస్‌లో చూశాను, ముసలాయన ఒకడు ఖాళీ రైల్వే ప్లాట్‌ఫారం ఊడ్చే సన్నివేశానికి వాడారు. అందులో హృదయం విదారణ అయ్యేంత ఏముంది?

మేనకోడలు పుట్టుక చెప్పింది. లాటిన్‌లో 'పుంగెరె' అంటే గుచ్చడం. దానికి పుట్టిన పిల్లలు ఇంగ్లీషులో చాలామంది. ముక్కుకు గుచ్చేది 'పంజెంట్', అంటే ఘాటు. మనసుకు గుచ్చేది 'పాయ్‌నంట్'. టైరుకు గుచ్చేది 'పంక్చర్'.

పంక్చర్! మా షాపు పక్కనే పంక్చర్ షాపు. అబ్బాయి ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి తిప్పుతుంటాడు. చేతికి తగలనంత చిన్న చిల్లు, కంటికి కనపడదు, ఎక్కడో ఒకచోట సన్నగా బుడగలు లేస్తాయి. ఇవాళ కస్టమర్లు లేక అదే చూస్తూ కూర్చున్నాను. ప్లాట్‌ఫారం ఊడ్చే ముసలాయన పేజీ అట్లాంటిది. హృదయం బద్దలైతే శబ్దం వస్తుంది, అది వేరే మాట. ఇది పేజీ తిప్పేశాక, రాత్రి పడుకున్నాక గాలి పోయినట్టు తెలుస్తుంది.

కార్డు వెనక "పంక్చర్‌కు తోబుట్టువు, బాంబు కాదు" అని రాశాను. ఇది మళ్ళీ మొదటి డబ్బాకు రాదని పందెం.

అన్ని మాటలకూ ఇట్లా చుట్టాలు దొరకరు. దొరికినప్పుడు వదులుకోకూడదు.

మార్చి 29

ఆయుర్వేద కాలేజీ పిల్లలు రికార్డులు ప్రింట్ తీయించుకోవడానికి వచ్చారు. పనిలో పనిగా 'సాంగ్విన్', 'ఫ్లెగ్మాటిక్', 'కాలరిక్', 'మెలంకలీ' నాలుగూ వాళ్ళతో కలిసి తేల్చుకున్నాను. పాతకాలం యూరపు వైద్యంలో ఒంట్లో నాలుగు రసాలు: రక్తం, కఫం, పసుపు పైత్యం, నల్ల పైత్యం. ఏది ఎక్కువైతే ఆ స్వభావం. కఫం ఎక్కువైతే నిమ్మళస్తుడు, ఏదీ తొందరగా అంటదు. పసుపు పైత్యమైతే ముక్కుమీద కోపం. నల్ల పైత్యమైతే దిగులు. రక్తం ఎక్కువైతే ఉషారు, అంతా మంచే జరుగుతుందన్న ధీమా, అదే 'సాంగ్విన్'.

"మన వాతపిత్తకఫాలే కదా" అన్నాను. "వాతం ఎక్కడుందన్నా వాళ్ళకి?" అంది ఒక పిల్ల. నిజమే. మనకు మూడు, వాళ్ళకు నాలుగు, వరస కుదరదు. గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది కానీ ఒకటే అనుకుంటే మళ్ళీ 'బక్కపలచని' కథే. 'సాంగ్వినరీ' అంటే మాత్రం నిజంగానే నెత్తుటిది, రక్తపాతం. రెండిటినీ కలిపేస్తే ఆశావాదిని హంతకుణ్ణి చేసేస్తాం.

ఏప్రిల్ 5

నోటి సంగతి. ఇన్నేళ్ళూ కళ్ళతో, వేళ్ళతో నేర్చిన ఇంగ్లీషు కదా, నోటికొచ్చేసరికి పరువు తీస్తోంది. 'ఎపిటోమ్' అన్నాను. 'ఇపిటమీ' అట. 'హైపర్‌బోల్' కాదు, 'హైపర్బలీ'. 'సబ్‌టిల్' కాదు, 'సటిల్'. వేళ్ళు 'బి' కొట్టాలి, నోరు దాన్ని మింగెయ్యాలి. మేనకోడలు నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగడానికి లోపలికి పోయింది. ఈ రోజు నుంచి ప్రతి కార్డునూ మూడుసార్లు పైకి అనాలి. జిరాక్స్ మిషను తిరిగేటప్పుడైతే ఎవరికీ వినపడదు.

నవల పద్నాలుగో చాప్టర్లో ఉంది. కాలిన్స్ అనే చర్చి గురువొకడు, తనకు ఉద్యోగమిచ్చిన లేడీ కేథరిన్ 'కాండిసెన్షన్'ను తెగ పొగుడుతున్నాడు. ఈ మాట నాకు బాగా తెలుసు, ఎదుటివాణ్ణి తక్కువగా చూస్తూ దయ చూపించినట్టు మాట్లాడటం. మరి ఈయన పొగడ్తగా ఎందుకంటున్నాడు?

సారు చెప్పారు. ఆ రోజుల్లో అది నిజంగా పొగడ్తే. పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు మెట్టు దిగివచ్చి కిందివాళ్ళతో మామూలుగా మాట్లాడితే అది గుణం. మా తాత "రెడ్డిగారు మన గడప తొక్కినారు, మన చాప మీద కూర్చున్నారు" అని పదేళ్ళ పాటు చెప్పుకునేవాడు. ఆ గొంతే కాలిన్స్ గొంతు. కాలం మారి, మనుషులంతా సమానమన్న మాట గట్టిపడేకొద్దీ 'నువ్వెవరు దిగిరావడానికి?' అన్న ప్రశ్న వచ్చింది. మాట అదే, మర్యాద తిరగబడింది. చమత్కారం ఏమిటంటే, ఆ మాటను మర్యాదగా వాడే కాలంలోనే ఆస్టెన్ కాలిన్స్ నోట్లో దాన్ని అన్నిసార్లు పెట్టి నవ్వించింది.

నాలుగో చాప్టర్లో 'క్యాండర్' కూడా ఇట్లాంటిదే. ఇప్పుడు ముక్కుసూటిగా మాట్లాడటం. అప్పుడు ఎదుటివాళ్ళలో మంచినే చూసే గుణం, మనసులో విషం లేకపోవడం. కథానాయిక ఎలిజబెత్ తన అక్క జేన్ గురించి ఆ మాట అంటుంది. ఇప్పటి అర్థం వేసుకొని చదివితే ఎవర్నీ ఒక్క మాట అనలేని జేన్ మొహం మీద కొట్టినట్టు మాట్లాడే పిల్ల అయిపోతుంది. నేను నెల రోజులు అట్లాగే చదివాను. తెలియని మాట కింద గీత పెడతాం, తెలుసనుకున్న మాటకు ఎవరు పెడతారు?

వెనక్కిపోయి నలభై పేజీలు మళ్ళీ చదివాను.

ఏప్రిల్ 26

వారం రోజులు 'వ్యంగ్యం' దగ్గరే ఇరుక్కున్నాను. 'ఐరనీ', 'సార్కాజం', 'సెటైర్' మూడింటికీ మనం రాతలో 'వ్యంగ్యం' అనే రాస్తాం. కానీ మాట్లాడేటప్పుడు తెలుగువాడికి మాటల కొరత ఎక్కడుంది? వెటకారం, ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, ఎగతాళి, పుల్లవిరుపు. ఎవరిని నొప్పించాలో వాళ్ళను సూటిగా నొప్పించే వెటకారం 'సార్కాజం'. లోకంలోని తప్పునో ఒక వర్గం తీరునో నవ్వుతూ ఎండగట్టేది 'సెటైర్'. 'ఐరనీ'కి మాత్రం ఎదుట మనిషి ఉండక్కర్లేదు. అన్నదానికీ ఉన్నదానికీ, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఎడం ఉంటే చాలు.

'డ్రమాటిక్ ఐరనీ'కి ఉదాహరణ దొరికింది మా ఊళ్ళోనే. చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసురుడి వధ రోజు బండెడు అన్నం ఊరంతా తిరుగుతుంది. బకాసురుడికి ఆకలి, బండి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. బండి మీద కూర్చుంది భీముడని వాడికి తెలీదు. చిన్నపిల్లల దగ్గర్నుంచి ముసలమ్మల దాకా మనకందరికీ తెలుసు. వాడు "రానీ, రానీ" అని మీసం మెలేసే కొద్దీ జనం పడీపడీ నవ్వుతారు. అది తెలిసిన మనకూ తెలియని వాడికీ మధ్య ఎడం. కార్డు వెనక ఒకే మాట రాశాను: "బకాసురుడి బండి".

సారుకు చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఈ ఉదాహరణ నాకు సర్వీసులో ఉన్నప్పుడు తట్టలేదయ్యా" అన్నారు. పెన్షన్ కాగితాల జిరాక్స్‌కు ఆ రోజు డబ్బులు తీసుకోలేదు.

మే 13

గంగమ్మ జాతర. ఊరంతా వేషాలే. పొద్దున్నే బైరాగి వేషం వేసుకున్న కుర్రాడొకడు షాపు ముందుకొచ్చి వేపాకు ఊపుతూ నన్ను నానా బూతులూ తిట్టి పోయాడు. నెలరోజుల కింద రెజ్యూమె ప్రింట్ తీయించుకున్నప్పుడు "థాంక్యూ అంకుల్" అని చేతులు కట్టుకొని నిలబడ్డ పిల్లాడే. కోపమెందుకొస్తుంది? తిట్టింది వాడు కాదు, వేషం.

'పెర్సోనా' అనే మాట రెండేళ్ళ కింద ఒక థీసిస్‌లో పేజీకి నాలుగుసార్లు కొట్టాను. లాటిన్‌లో నాటకంలో పెట్టుకునే ముఖం తొడుగు. కథలో 'నేను' అంటున్నవాడు రాసినవాడు కాదు, వాడొక వేషం అని చెప్పడానికి వాడతారు. తిరుపతిలో పుట్టినవాడికి ఇది వేరే చెప్పాలా?

జూన్ 14

థీసిస్ సబ్మిషన్లు. ఇరవై రోజులుగా రాత్రి పదకొండు దాకా షాపులోనే. కార్డులు దుమ్ము పట్టాయి. డబ్బాలు తెరిచి చూసుకుంటే నలభైకి పైగా మాటలు మొదటి డబ్బాకు దిగిపోయాయి. 'పాయ్‌నంట్' దిగలేదు.

జూన్ 28

ఆదివారం సాయంత్రం షట్టర్ సగం దించి నలుగురం కూర్చున్నాం. సారు, మేనకోడలు, పంక్చర్ షాపు పక్కన గదిలో ఉండి బ్యాంకు పరీక్షలకు చదివే కుర్రాడు, నేను. మా ఆవిడ సంగటి, ఊరిబిండి పంపించింది. నవల మొత్తం అయ్యేదాకా ఆగకుండా ఇప్పటిదాకా చదివినదాని మీద మాట్లాడదామన్నారు సారు. నేను 48వ చాప్టర్లో ఉన్నాను.

మాట బెన్నెట్ మీదికొచ్చింది. ఐదుగురు ఆడపిల్లల తండ్రి. భార్య తెలివితక్కువదని గ్రహించి, ఆమెను మార్చడం మానేసి, ఆమె మాటలతో వినోదం చూస్తూ లైబ్రరీలో కూర్చునే మనిషి. చదువుతున్నంతసేపూ నాకు అతనంటేనే ఇష్టం, నవ్వించేది అతనే కాబట్టి.

"రై హ్యూమర్ సార్ అతనిది" అన్నాడు కుర్రాడు. మూతి ఒకపక్కకు వంచి నవ్వే హాస్యం.

"సార్డానిక్" అంది మేనకోడలు. "రై అయితే తనమీద తను కూడా నవ్వుకుంటాడు. ఇతను ఎప్పుడూ పైన కూర్చొని కిందివాళ్ళను చూసి నవ్వుతాడు."

సారు నా వైపు చూశారు. నేను మాటల కోసం వెతకలేదు. నాకు 41వ చాప్టర్ కళ్ళముందుంది. చిన్నకూతురు లిడియా, ఇంకా పదహారు నిండనిది, సైనికుల విడిది ఉన్న బ్రైటన్‌కు పోతానంటుంది. ఎలిజబెత్ తండ్రి దగ్గరికొచ్చి వద్దని చెప్పమని బతిమాలుతుంది. ఆయన ఆ మాటనూ చమత్కారం చేసేస్తాడు. పంపకపోతే ఇంట్లో ప్రశాంతత ఉండదు కాబట్టి పోనిమ్మంటాడు. ఆ పిల్ల అక్కడినుంచి విక్‌హమ్ అనే సైనికాధికారితో లేచిపోతుంది. నాకూ ఇంటర్ చదివే కూతురుంది. అది ఏదైనా సీరియస్‌గా చెప్పబోతే నేనూ ఒక జోకు వేసి స్క్రీన్ వైపు తిరుగుతాను.

"ఫ్లిప్పెంట్ సార్" అన్నాను. "అతను ఫ్లిప్పెంట్."

ఎవరూ మాట్లాడలేదు. నేనే కొనసాగించాను, ఇంగ్లీషు సగం తెలుగు సగం. సార్డానిక్ అంటే మనసులో చేదు ఉండాలి కదా, ఇతనికి చేదు కంటే బద్ధకం ఎక్కువ. బరువైన విషయాన్ని తేలిక చేసేస్తే ఇక మొయ్యక్కర్లేదని అతని లెక్క. 48లో ఇంటికి తిరిగొచ్చి తప్పు నాదేనని కూతురితో ఒప్పుకుంటాడు. అక్కడ 'రిమోర్స్' ఉంది. కానీ ఆ పశ్చాత్తాపం ఎక్కువ రోజులు ఉండదని కూడా అతనే అంటాడు, అది మళ్ళీ ఫ్లిప్పెంటా లేక తన గురించి తనకు తెలిసిన నిజమా అన్నది నాకు తేలలేదు.

"అదే అతను రై అయ్యేచోటు" అన్నాడు కుర్రాడు వెంటనే. "అక్కడ తనమీదే నవ్వుకున్నాడు కదా అన్నా?"

మేనకోడలు ఒప్పుకోలేదు. సారు ఇద్దర్నీ ఎగదోశారు. 'నెగ్లిజెంట్', 'ఇండోలెంట్', 'ఎవేసివ్' అన్నీ ఒక్కొక్కటే బల్ల మీదికొచ్చాయి, ఒక్కొక్కటే తూచి పక్కన పెట్టాం. సంగటి చల్లారిపోయింది. పది నిమిషాలనుకున్నది గంటా పావు అయ్యింది. 'ఫ్లిప్పెంట్' కార్డు నాదగ్గర రెండో డబ్బాలో ఉందని ఇంటికొచ్చాక చూసుకున్నాను. రెండుసార్లు తప్పిన కార్డు అది.

జూలై 5

లెక్క. 50వ చాప్టర్ తర్వాత పది పేజీల్లో గీతలు లెక్కపెట్టాను. సగటున పేజీకి ఎనిమిది. ఆరు కాలేదు. పైగా ఒక్క రచయిత్రినే ఐదారు నెలలు చదివితే ఆమె మాటలు మళ్ళీ మళ్ళీ తగిలి అలవాటవుతాయి. అందుకని ఆ శతాబ్దంలోదే వేరే నవల ఒకటి తీసి రెండు పేజీలు చూశాను. పదమూడు. పద్దెనిమిది ఎక్కడ, పదమూడు ఎక్కడ అని సంతోషపడాలో, ఎనిమిది అనుకున్నది పదమూడని ఏడవాలో తెలియలేదు. కార్డులు మొత్తం 391 రాశాను. ఐదో డబ్బాలో ఉన్నవి 112.

ఒక విషయం మార్చాలి. కార్డులు రాసేటప్పుడు వాక్యం చిన్నదిగా ఉంటే బాగుంటుందని చివర్లు కత్తిరించేస్తున్నాను. అట్లా కత్తిరించిన కార్డులే ఎక్కువ జారుతున్నాయి. ఇక అట్టముక్క పెద్ద సైజుది కట్ చేసుకోవాలి.

నిన్న ఒక థీసిస్ చేస్తుంటే 'డిసింట్రెస్టెడ్ వైఫ్' అని వచ్చింది. భర్త మీద ఆసక్తి పోయిన భార్య గురించి పేరా. 'అనింట్రెస్టెడ్' కదా ఉండాల్సింది, 'డిసింట్రెస్టెడ్' అంటే స్వలాభం చూసుకోని నిష్పక్షపాతి. ఫోన్ చేసి అడిగాను. అవతలి అబ్బాయి రెండు క్షణాలు ఆగి, "అవునన్నా, మార్చేయండి" అన్నాడు. తర్వాత "రేటు అదే కదా?" అన్నాడు. అదే అని చెప్పాను.

మొండి కార్డు ఒకటుంది, 'విస్ట్‌ఫుల్'. ఐదుసార్లు మొదటి డబ్బాకు వచ్చింది. దిగులు కాదు, ఆశ కాదు, చేయి దాటిపోయినదాని వైపు మెత్తగా చూడటం. ఎంత రాసుకున్నా నిలవడం లేదు. మేనకోడలికి చెప్పాను.

"ఆ బీకాం సబ్జెక్టుల మాట వచ్చినప్పుడు నువ్వు పెట్టే మొహం మామా" అంది.

కార్డు వెనక అదే రాసి, మళ్ళీ మొదటి డబ్బాలో పెట్టాను.